విజయవాడ ఫ్లాట్‌కి ఏ రంగుల ఆకుల మొక్క: అగ్లోనిమానా, క్రోటనా, కలాడియమా, కలాథియానా?

నర్సరీకి వెళ్లి, అన్నిటికన్నా ఎర్రగా మెరుస్తున్న మొక్కను చూపించి "ఇది ఇంట్లో పెట్టుకోవచ్చా?" అని అడిగితే దాదాపు ఎప్పుడూ వచ్చే జవాబు "ఇండోరేనండీ, తీసుకెళ్లండి" అనే. రెండు మూడు నెలలకు దాని రంగు పోయి పచ్చబడుతుంది, లేదంటే ఆకులన్నీ రాలి పుల్ల మిగులుతుంది. అప్పుడు "మా చేతికి మొక్కలు రావండీ" అని వదిలేసేవాళ్లు చాలామంది ఉన్నారు. చేతిని తిట్టుకోవాల్సిన పని లేదు. ఆ మొక్కకు ఆ కిటికీ చాలలేదు, లేదా ఆ ఇంటి నీళ్లు పడలేదు. బెజవాడ, గుంటూరు ఇళ్లలో రంగుల ఆకుల సంగతి నూటికి తొంభై పాళ్లు ఈ రెండింటి దగ్గరే తేలిపోతుందని నా గట్టి నమ్మకం. అందుకే మొక్కల పోలికలోకి వెళ్లేముందు మీ కిటికీ, మీ కుళాయి చూద్దాం.

కిటికీ ఏ దిక్కుకి ఉంది

ఇంటి మొక్కల గురించి దొరికే సలహాల్లో ఎక్కువ చలి దేశాల వాళ్లు రాసినవి. దక్షిణపు కిటికీలో ఎండ ఎక్కువ, ఉత్తరపు కిటికీలో అసలు ఉండదు అని వాళ్లు రాస్తారు. అది వాళ్ల ఊళ్లకు నిజం. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం పన్నెండింటి సూర్యుడు మనకు నడినెత్తినో, కాస్త ఉత్తరానికి ఒరిగో ఉంటాడు. కాబట్టి మండువేసవిలో దక్షిణపు కిటికీలోంచి ఎండ లోపలికి రాదు. డిసెంబరు, జనవరిలో మాత్రం ఏటవాలుగా గదిలో చాలా దూరం పడుతుంది. ఉత్తరపు కిటికీకేమో మే, జూన్ నెలల్లో పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు ఎండ తగులుతుంది. గుంటూరుకీ ఇదే లెక్క.

రంగుల ఆకులకు అన్నిటికన్నా మంచిది తూర్పు కిటికీ. పొద్దున్నే లేత ఎండ, ఆ తర్వాత రోజంతా వెలుతురు. దిగులు పెట్టేది పడమటి కిటికీ. ఏప్రిల్, మేలలో మధ్యాహ్నం రెండు నుంచి సాయంత్రం దాకా అక్కడ అద్దం, గ్రిల్లు, గోడ అన్నీ కాగిపోయి ఉంటాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనవాళ్లు ఊరికే అనలేదు. పల్చటి ఆకు ఆ అద్దానికి ఆనుకుని ఉంటే ఒక్క మధ్యాహ్నానికే మాడి మచ్చ పడుతుంది. అక్కడ పెట్టి తీరాలంటే పల్చటి కర్టెన్ వేసి, మొక్కను రెండు మూడడుగులు లోపలికి జరపండి.

పటమటలోనో, మొగల్రాజపురంలోనో, గుంటూరు బ్రాడీపేటలోనో పక్క అపార్ట్‌మెంటు గోడ నాలుగడుగుల్లో నిలబడి ఉంటే దిక్కు చూసి లాభం లేదు. అక్కడ చేయాల్సిన పరీక్ష వేరు. మబ్బు లేని రోజు మధ్యాహ్నం, మొక్క పెట్టాలనుకున్న చోట తెల్ల కాగితం పరిచి, అడుగు ఎత్తులో అరచెయ్యి పెట్టి నీడ చూడండి. వేళ్లు విడివిడిగా స్పష్టంగా కనిపిస్తే మంచి వెలుతురు. చెయ్యి ఆకారం తెలుస్తూ అంచులు మసకగా ఉంటే మధ్యస్థం. నీడే తెలియకపోతే అక్కడ ఏ రంగు ఆకూ రంగుతో నిలవదు. లైటు పెట్టాలి, లేదా ఆ మూలను వదిలేయాలి.

రంగు ఎందుకు పోతుందో తెలిస్తే ఈ పట్టింపు అర్థమవుతుంది. ఆకుకు తిండి వండేది పత్రహరితం. తెల్లటి, గులాబీ మచ్చలున్న చోట అది తక్కువ, కొన్ని ఆకుల్లో అసలు ఉండదు. ఎరుపు, ఊదా రంగులు ఎక్కువగా ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాల వల్ల వస్తాయి. చాలా మొక్కల్లో అవి వెలుతురు బాగా ఉంటేనే నిండుగా తయారవుతాయి. చీకటి గదిలో పెడితే ఉన్న కాస్త వెలుతురునూ పట్టుకోవడానికి మొక్క కొత్త ఆకుల్లో పత్రహరితం పెంచుకుంటుంది. మనకు అది "రంగు పోయింది" అని కనిపిస్తుంది.

నీళ్ల సంగతి ఇంకా పెద్దది

దీన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. మన ఫ్లాట్లలో చాలావాటికి వాడకానికి వచ్చేది బోరు నీళ్లు. బకెట్ల అంచున, షవర్ రంధ్రాల దగ్గర తెల్లటి పెచ్చు కడుతోందంటే ఆ నీళ్లలో ఖనిజ లవణాలు గట్టిగా ఉన్నట్టే. అవే కుండీ మట్టిలో పేరుకుని, ముందు ఆకు కొనల్ని, తర్వాత అంచుల్ని గోధుమరంగులోకి తెస్తాయి. నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తాం, ఇంకా ఉప్పు చేరుతుంది.

మున్సిపాలిటీ కుళాయిలో వచ్చే కృష్ణా నీళ్లు ఉంటే అవే వాడండి. ఒక రాత్రి వెడల్పాటి బకెట్లో మూత లేకుండా ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. వాన నీళ్లు దొరికితే అంతకన్నా మంచివి లేవు. వేసవిలో ఏసీ పైపులోంచి కారే నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు. పైపు కింద డబ్బా పెట్టి పట్టుకుని, చల్లదనం పోయాక పోయండి. ఏసీ శుభ్రంగా సర్వీసు చేయించుకుని ఉంటే చాలు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను: వాటర్ ఫిల్టర్ బయటికి వదిలేసే ఆర్‌ఓ వృథా నీళ్లను ఈ మొక్కలకు పోయకండి. నీళ్లు పారబోయడం ఎందుకన్న మంచి ఉద్దేశంతోనే చాలా ఇళ్లలో పోస్తారు. ఫిల్టర్ తీసేసిన లవణాలన్నీ ఆ నీళ్లలోనే చేరి ఉంటాయి. వాటిని గచ్చు కడగడానికి వాడుకోండి.

బోరు నీళ్లు తప్ప గతి లేకపోతే కలాథియా, పొడుగాటి ఎర్ర ఆకుల కార్డిలైన్‌ల వైపు చూడకండి. అవి లవణాలకే కాక ఫ్లోరైడ్‌కు కూడా తట్టుకోలేవు. అగ్లోనిమా, క్రోటన్ కొంత ఓర్చుకుంటాయి. వానాకాలంలో కుండీని డాబా మీద ఒక మంచి వానకు పెడితే మట్టిలోని ఉప్పు కిందికి కొట్టుకుపోతుంది.

అగ్లోనిమా: ఎక్కువ ఇళ్లకు నా సలహా ఇదే

ఒక్క మొక్కే కొంటాను, ఏది కొనమంటావని అడిగితే అగ్లోనిమా అనే చెబుతాను. ఆగ్నేయాసియా అడవుల్లో పెద్ద చెట్ల నీడన పెరిగే మొక్క. నేరుగా ఎండ అక్కర్లేదు, వేడికి బెదరదు, పదును కాస్త అటూ ఇటూ అయినా మన్నిస్తుంది. ఒకప్పుడు ఆకుపచ్చ, వెండి రంగు చారల రకాలే దొరికేవి. ఎర్ర రకాలకు దారి వేసింది ఇండోనేషియా శాస్త్రజ్ఞుడు గ్రెగోరి హంబాలి. సుమత్రా అడవుల్లోని ఎరుపు ఛాయ ఉన్న జాతిని మరో జాతితో కలిపి 1980ల్లో ఆయన తయారు చేసిన 'ప్రైడ్ ఆఫ్ సుమత్రా' తర్వాతే గులాబీ, ఎరుపు అగ్లోనిమాలు వరసగా వచ్చాయి.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. "అగ్లోనిమా చీకట్లో కూడా బతుకుతుంది" అన్నది ఆకుపచ్చ, వెండి రకాల మాట. ఎర్రవాటికి అది వర్తించదు. ఆకులో ఎరుపు ఎంత ఎక్కువుంటే అంత వెలుతురు కావాలి. మీ కాగితం మీద నీడ మధ్యస్థంగా పడితే ఆకుపచ్చ మీద గులాబీ చుక్కలున్నది తీసుకోండి. వేళ్లు స్పష్టంగా కనబడితేనే నిండు ఎరుపు రకానికి వెళ్లండి. ఖరీదులో కూడా తేడా ఉంటుంది కాబట్టి ఈ పరీక్ష డబ్బు కూడా మిగులుస్తుంది.

దీన్ని చంపేది దాహం కాదు, అతి నీళ్లు. వేలు రెండు కణుపుల లోతు దించి చూసి, పొడిగా తగిలితేనే నీళ్లు పోయండి. కుండీ అడుగు ప్లేటులో నీళ్లు నిలిస్తే కాండం మొదట్లో కుళ్లు పడుతుంది, అది పైకి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. 15 డిగ్రీల కన్నా తక్కువ చలి దీనికి పడదు. మన ఊళ్లలో చలికాలపు రాత్రులు అంత దిగడం అరుదు కాబట్టి ఆ బెంగ లేదు. ఏసీ గాలి నేరుగా తగిలే చోట మాత్రం పెట్టకండి.

చంటిపిల్లలున్న ఇంట్లో జాగ్రత్త. చేమదుంప, కంద ఏ కుటుంబానివో అగ్లోనిమా, కలాడియం కూడా అదే కుటుంబానివి. పచ్చి కంద ముట్టుకుంటే దురద పుట్టించే కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు వీటి ఆకుల్లో కూడా ఉంటాయి. నమిలితే నోరు, గొంతు మండి వాచిపోతాయి. పిల్లలకు, పిల్లులకు అందని ఎత్తులో ఉంచండి.

క్రోటన్: అందం నిజమే, గది దానిది కాదు

పసుపు, నారింజ, ఎరుపు, నలుపు దాకా పోయే ముదురు ఊదా, అన్నీ ఒకే కొమ్మ మీద. రంగులో క్రోటన్‌తో పోటీపడే మొక్క లేదు. ఆఫీసుల ముందు, కాలేజీల ముందు ఎర్రటి ఎండలో అవి ఎంత నిండుగా ఉంటాయో రోజూ చూస్తూనే ఉంటాం. ఆ నిండుదనానికి కారణం ఆ ఎండే. కనీసం నాలుగు గంటల ఎండ పడితేనే దాని రంగు. హాల్లో టీవీ పక్కన పెడితే కొత్త ఆకులు పచ్చగా వస్తాయి, పాత ఆకులు కింది నుంచి రాలిపోతాయి.

చోటు మారిస్తే కూడా ఆకు రాలుస్తుంది. కొనుక్కొచ్చిన రెండు వారాల్లో సగం ఆకులు రాలితే కంగారుపడి పారేయకండి. గోటితో కాండాన్ని కాస్త గీకండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. రోజుకో చోట తిప్పకుండా ఉంచితే చిగురు వేస్తుంది. తుంచితే కారే పాలు చర్మానికి దురద పెడతాయి, బట్టలకు మరక అంటుతాయి.

కాబట్టి బాల్కనీ ఉన్నవాళ్లకు క్రోటన్ మొదటి ఎంపిక, కిటికీ మాత్రమే ఉన్నవాళ్లకు చివరి ఎంపిక. పడమటి బాల్కనీ ఎండకు తట్టుకునేది ఈ జాబితాలో ఇదొక్కటే. పెట్రా, గోల్డ్ డస్ట్ రకాలు మొండివి. గోల్డ్ డస్ట్ ఆకు మీద పసుపు చుక్కలు కాస్త తక్కువ వెలుతురులోనూ నిలుస్తాయి. ఒక సంగతి గుర్తుంచుకోండి. కొన్ని చోట్ల రంగు ఆకున్న ప్రతి మొక్కనూ క్రోటన్ అనే అంటారు. పేరు నమ్ముకోకుండా ఆకు పట్టుకుని చూడండి. అసలు క్రోటన్ ఆకు దళసరిగా, తోలు ముట్టుకున్నట్టు ఉంటుంది.

కలాడియం: ఏడాదిలో ఆరేడు నెలల వైభవం

హృదయాకారపు పల్చటి ఆకులు, తెల్లటి ఆకులో ఎర్ర ఈనెలు, గులాబీ ఆకుకు పచ్చ అంచు. దక్షిణ అమెరికా ఉష్ణమండలం దీని పుట్టిల్లు. అమెరికాలో ఫ్లోరిడాలోని లేక్ ప్లాసిడ్ ఊరి చుట్టుపక్కల పొలాల్లో దీని దుంపల్ని పెద్దఎత్తున పండిస్తారు. వేడి, తేమ రెండూ కావాలి. జూన్ నుంచి అక్టోబరు దాకా మన వాతావరణం దీనికి సరిగ్గా సరిపోతుంది. ఆ నెలల్లో తూర్పు కిటికీలో ఉన్న కలాడియంకు మించిన అందం ఈ మొక్కల్లో దేనికీ లేదని నా అభిప్రాయం.

నవంబరు దాటాక ఆకులు ఒక్కొక్కటీ వాలిపోయి ఎండుతాయి. ఇక్కడే చాలామంది మోసపోయామనుకుని కుండీతో సహా తీసేస్తారు. దుగ్గిరాల వైపు పసుపు చేలల్లో ఆకు ఎండి, దుంప మట్టిలో మిగిలి ఉన్నట్టే ఇదీను. ఆకులు పూర్తిగా ఎండనిచ్చి, నీళ్లు ఆపేసి, కుండీని నీడలో పొడిగా పెట్టేయండి. ఏప్రిల్, మేలలో మొలక ముక్కు కనబడగానే కొద్దికొద్దిగా నీళ్లు మొదలుపెడితే మళ్లీ ఆకులు వస్తాయి. నిద్రలో ఉన్న దుంపకు జాలిపడి నీళ్లు పోస్తే కుళ్లిపోతుంది. పెద్ద దుంపను రెండు మూడు కళ్లున్న ముక్కలుగా కోసి, ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి నాటితే మొక్కలు పెరుగుతాయి.

దీని శత్రువు వడగాలి. ఆకు పల్చన కాబట్టి మే నెల పొడి గాలికి ఒక్క పూటలో ముడుచుకుపోతుంది. కిటికీలు తెరిచి ఉంచే ఇంట్లో ఆ నెల మటుకు లోపలి గదిలోకి మార్చండి. ఎయిర్ కూలర్ ఉన్న గది దీనికి ఏసీ గది కన్నా నయం. కూలర్ గాలిలో తేమ కలుపుతుంది, ఏసీ తేమ తీసేస్తుంది. ఏడాది పొడవునా అలంకరణగా ఉండాలనుకుంటే కలాడియం కొనకండి. కాలాన్ని బట్టి వచ్చిపోయేదాన్ని ఇష్టపడేవాళ్లు మాత్రం తప్పకుండా కొనండి.

కలాథియా: నీళ్లు మంచివైతేనే

ఆకు మీద కుంచెతో వేసినట్టున్న గీతలు, ఆకు వెనక ఊదా రంగు. రాత్రికి ఆకులు పైకి లేచి దగ్గరపడతాయి, పొద్దున్నే మళ్లీ విచ్చుకుంటాయి. ఆకు, కాడ కలిసే చోట ఉన్న చిన్న కణుపులో నీటి ఒత్తిడి మారడం వల్ల జరిగే పని ఇది. పిల్లలకు చూపిస్తే రోజూ కాపలా కాస్తారు. వాళ్లకూ, పెంపుడు జంతువులకూ హాని చేయని మొక్క కూడా ఇదే. 2012లో శాస్త్రజ్ఞులు వీటిలో చాలా జాతుల్ని గోపెర్టియా అనే ప్రజాతిలోకి మార్చారు. నర్సరీ చీటీ మీద ఆ పేరున్నా అదే మొక్క.

ఇది మనసు గెలుచుకుంటుంది, కానీ అడిగేవి ఎక్కువ. లవణాలు లేని నీళ్లు, మట్టిలో ఎప్పుడూ లేత పదును, గాలిలో తేమ. వానాకాలంలో మన గాలిలో తేమకు కొదవ లేదు. మార్చి నుంచి జూన్ మొదలు దాకా మాత్రం మధ్యాహ్నాలు కష్టం. ఆకుల మీద స్ప్రే చేస్తే పెరిగే తేమ కాసేపటిది. నాలుగైదు మొక్కల్ని దగ్గరగా పెట్టడం, వెలుతురు కిటికీ ఉన్న బాత్‌రూమ్‌లో ఉంచడం అంతకన్నా పనిచేస్తాయి. రాత్రంతా ఏసీ నడిచే పడకగదిలో వద్దు. మొదటిసారి తెచ్చుకునేవాళ్లు పొడుగాటి, అలల అంచు ఆకులుండే లాన్సిఫోలియా తీసుకోండి. గులాబీ గీతల ఆర్నాటా అందంగా ఉంటుంది గానీ, దాన్ని రెండో మొక్కగా పెట్టుకోండి.

కోలియస్, మిగతావి

తక్కువ ఖర్చులో రంగు కావాలంటే కోలియస్. తులసి కుటుంబానిది, కాండం తాకి చూస్తే నాలుగు పలకలుగా ఉంటుంది. ఒక కొమ్మ తుంచి గాజు గ్లాసు నీళ్లలో పెడితే వారం పది రోజుల్లో వేర్లు వస్తాయి. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లకు, హాస్టల్ పిల్లలకు ఇంతకన్నా మంచి మొదలు లేదు. మంచి వెలుతురు కావాలి. పూత కనబడగానే తుంచేయాలి, లేకపోతే సన్నగా సాగిపోతుంది. ఏడాదికోసారి కొమ్మ నుంచి కొత్త మొక్క చేసుకోవాలి.

ట్రడెస్కాంటియా జెబ్రినా, ఊదా, వెండి చారల తీగ, గ్రిల్లుకు వేలాడదీసుకోవడానికి బాగుంటుంది, చావడం కష్టం. రెక్స్ బిగోనియా మాత్రం మన ఊరికి వద్దు. అస్సాం వైపు చల్లటి తేమ కొండల మొక్క అది, మన మే నెలను దాటించడం చాలా కష్టం.

"గాలి శుద్ధి చేస్తుంది" అని చెప్పి ఎక్కువ ధర చెబితే పట్టించుకోకండి. 1989లో నాసా చేసిన ప్రయోగాలు మూసిన చిన్న గదుల్లో జరిగాయి. తలుపులు, కిటికీలున్న ఇంట్లో రెండు మూడు కుండీల వల్ల గాలిలో చెప్పుకోదగ్గ తేడా రాదు. ఆకు అందం కోసం కొనండి, అదే చాలినంత కారణం.

మీ ఇంటికి ఏది

తూర్పు కిటికీ, కృష్ణా నీళ్లు ఉంటే మీది అదృష్టం. ఎర్ర అగ్లోనిమా, కలాడియం, కలాథియా మూడింటిలో ఏదైనా సరే. తూర్పు కిటికీ ఉండి బోరు నీళ్లయితే అగ్లోనిమా. పడమటి బాల్కనీ అయితే క్రోటన్, ఇంకో ఆలోచన వద్దు. పక్క గోడ అడ్డున్న మసక గది అయితే ఆకుపచ్చ, వెండి అగ్లోనిమాతో సరిపెట్టుకోండి. ఎరుపు మీద ఆశ ఉంటే తెల్ల ఎల్‌ఈడీ బల్బును మొక్కకు అడుగున్నర ఎత్తులో రోజుకు పది పన్నెండు గంటలు వెలిగించాలి. ఎండాకాలం సెలవులకు ఇల్లు తాళం వేసి ఊరెళ్లే అలవాటుంటే కలాథియా, కోలియస్ రెండూ వద్దు. అగ్లోనిమా నీడలో పదిరోజులు ఓర్చుకుంటుంది.

కొనడానికి మంచి కాలం జూలై నుంచి సెప్టెంబరు. మన ఊళ్లకు వచ్చే మొక్కల్లో చాలావరకు రాజమండ్రి పక్కన కడియం నర్సరీలవి. అక్కడ షేడ్‌నెట్ కింద తేమలో పెరిగిన మొక్కను ఏప్రిల్‌లో లారీ ఎక్కించి తెచ్చి మన గదిలో పెడితే దెబ్బ తింటుంది. వానల్లో ఆ మార్పు తేలిక.

చేతిలోకి తీసుకున్నాక ముందు ఆకు తిప్పి వెనక చూడండి. కాడల సందుల్లో తెల్లటి దూదిలాంటిది ఉంటే పిండినల్లి. ఆకు వెనక సన్నటి గూడు, ముందు పక్క దుమ్ముపట్టిన చుక్కలు ఉంటే ఎర్రనల్లి. రెండిట్లో ఏది కనిపించినా ఆ మొక్క వద్దు. ఇంట్లో వస్తే లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి, ఎండ తగ్గాక ఆకు వెనక తడిసేలా వారానికోసారి కొట్టండి.

ఇంటికి తెచ్చిన రోజే కుండీ మార్చకండి, రెండు వారాలు కుదురుకోనివ్వండి. తర్వాత మార్చేటప్పుడు గుంటూరు వైపు దొరికే నల్లరేగడి మట్టి వాడవద్దు, అది తడిస్తే ముద్దవుతుంది, ఎండితే బీటలిస్తుంది. ఎర్రమట్టి రెండు పాళ్లు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) రెండు పాళ్లు, వర్మీకంపోస్టు ఒక పాలు, ముతక ఇసుక గానీ పెర్లైటు (తేలికైన తెల్ల గుళికలు) గానీ ఒక పాలు సరిపోతాయి. కోకోపీట్ ఇటుకను నానబెట్టి ఒకటి రెండుసార్లు గట్టిగా పిండాకే కలపండి, దానిలోనూ ఉప్పు ఉంటుంది. పాత కుండీ కన్నా రెండంగుళాలు మాత్రమే పెద్దది తీసుకోండి. మరీ పెద్ద కుండీలో మట్టి రోజుల తరబడి ఆరక వేర్లు కుళ్లుతాయి. కొత్త ఆకు విచ్చుకోవడం మొదలయ్యే దాకా ఎరువు ఊసు ఎత్తకండి. ఆ తర్వాత వానాకాలమంతా నెలకోసారి, లీటరు నీళ్లకు గ్రాము చొప్పున 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండేది) వేస్తే సరిపోతుంది.